తెలుగు ‘వస్తే’కు ఇంగ్లీషులో నాలుగు దారులు



బామ్నిలోను, చుట్టుప్రక్కల బల్లార్పూరు, రాజురా ప్రాంతములలోను ఉన్న మన కుటుంబముల పిల్లలు రోజుకు నాలుగు భాషల మధ్య నడుచుచున్నారు. ఇంట్లో తెలుగు, బడిలోను బజారులోను మరాఠీ, రైలు స్టేషనులోను గని దగ్గరను హిందీ, పుస్తకములో ఇంగ్లీషు. ఇది ఇక్కడ కొత్త సంగతి కాదు. వార్ధా నదికి అవతలనున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాలోనే ఉండెను. తరువాత కాగితపు మిల్లు, బొగ్గు గనులు, రైల్వే పనుల కొరకు వచ్చిన మనవారు ఈ భాషలన్నిటి నడుమ స్థిరపడిరి. మహారాష్ట్రలో 2000 సంవత్సరము నుండి ఏ మాధ్యమపు బడిలోనైనను ఒకటవ తరగతి నుండే ఇంగ్లీషు నేర్పుచున్నారు. అయినను పదవ తరగతి దాటిన పిల్లలను కూడ ఒక చోట ఇంగ్లీషు తడబడజేయుచున్నది. అది ‘ఇఫ్’ అను చిన్న మాట. ఈ పాఠము దానిని గూర్చినది.

ఇంత చిన్న మాటకు ఒక పాఠమంతా ఎందుకు అని అడుగుదురేమో. మన ఇండ్లకు వచ్చు ఇంగ్లీషు ఉత్తరములను చదివి అర్థము చెప్పువారు ఎవరు? చాల ఇండ్లలో బడి పిల్లలే. ఒక కార్యాలయము నుండి ఇట్టి ఉత్తరము వచ్చినదనుకొనండి: ‘ఇఫ్ యు హాడ్ అప్లయిడ్ బిఫోర్ ది లాస్ట్ డేట్, యువర్ నేమ్ వుడ్ హావ్ బీన్ ఇన్‌క్లూడెడ్.’ పిల్లవాడు ఇఫ్, అప్లయ్, లాస్ట్ డేట్ అను మాటలను మాత్రము పట్టుకొని, “గడువు లోపల దరఖాస్తు ఇస్తే పేరు చేరుతుందట నాన్నా” అని చెప్పును. తండ్రి ఒక రోజు కూలి పోగొట్టుకొని, కాగితములు జెరాక్సు తీయించుకొని బస్సెక్కును. ఆ ఉత్తరములో ఉన్నది “ఇచ్చి ఉంటే చేరి ఉండేది” అని. అనగా తలుపు మూసివేయబడినది. ఆ ఇంటివారు చేయవలసినది దరఖాస్తు పెట్టుట కాదు, ఆలస్యమునకు కారణము చూపి మనవి వ్రాసుకొనుట. రెండు మాటల తేడాతో ఒక ఇంటివారు వెళ్ళవలసిన దారియే మారినది.

మేము టీచరు ట్రైనింగు చదువునప్పుడు నేర్చుకొన్న మొదటి సూత్రము తెలిసినదాని నుండి తెలియనిదానికి నడిపించుట. కాబట్టి ఇంగ్లీషు పుస్తకముతో మొదలుపెట్టము. ఇంట్లో అమ్మ మాట్లాడు తెలుగుతోనే మొదలుపెట్టుదము.

తెలుగులో షరతు చెప్పుటకు క్రియ చివర ‘తే’ చేర్చుదుము. వస్తే, ఉంటే, చేస్తే, తింటే. మన బడి వ్యాకరణములలో దీనిని చేదర్థకము అందురు. సంస్కృతములో ‘చేత్’ అనగా ‘అయితే’ అని అర్థము, దాని నుండి ఆ పేరు వచ్చినది. ఈ ‘తే’కు ఒక గుణము కలదు. దానిలో కాలము లేదు. నిన్న, నేడు, రేపు అను భేదము దానికి అంటదు. ఈ నాలుగు వాక్యములు చూడండి.

ఒకటి: వాన వస్తే ఈ దారి బురద అవుతుంది.
రెండు: రేపు వాన వస్తే ఇంట్లోనే ఉంటాము.
మూడు: ఇప్పుడు నాకు సైకిలు ఉంటే బల్లార్పూరుకు దానిమీదే వెళ్ళేవాణ్ణి.
నాలుగు: నిన్న ముందే బయలుదేరితే బండి దొరికేది.

వస్తే, వస్తే, ఉంటే, బయలుదేరితే. ముందు సగములో ఏ మార్పును లేదు. మారినదంతయు వెనుక సగములోనే. మొదటి రెంటిలో ‘అవుతుంది’, ‘ఉంటాము’ అని ఉన్నది. చివరి రెంటిలో ‘వెళ్ళేవాణ్ణి’, ‘దొరికేది’ అని ఉన్నది. మన ప్రాంతపు యాసలో ‘పోయేటోణ్ణి’ అన్నను అదే. ఈ ‘ఏవాణ్ణి’, ‘ఏది’ వినగానే ఇది జరిగిన మాట కాదు, ఊహించుకొనిన మాట అని మనకు తెలియును. అనగా తెలుగువాడు తన ఊహ బరువునంతా వెనుక సగము మీద మోపును.

ఇంగ్లీషువాడు ఆ బరువును రెండు సగముల మీదను పంచును. తేడా అంతా ఇక్కడనే ఉన్నది. ఇది పట్టుబడినవానికి తక్కినది సాధన మాత్రమే. పై నాలుగు వాక్యములనే ఇప్పుడు ఇంగ్లీషులో చూతము.

మొదటి దారి, ఎప్పుడును జరుగునది: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, దిస్ రోడ్ గెట్స్ మడ్డీ.’ రెండు ప్రక్కలను మామూలు వర్తమానము. ఎండలో పెట్టిన మంచుగడ్డ, నిప్పుకు తగిలిన ఎండుగడ్డి, ఇట్టి లోకరీతి అంతయు ఈ దారిలోనే పోవును.

రెండవ దారి, రేపు జరుగవచ్చునది: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, వి విల్ స్టే ఎట్ హోమ్.’ ఇఫ్ ప్రక్కన వర్తమానము, రెండవ ప్రక్కన విల్. వాన రావచ్చును, రాకపోవచ్చును. తలుపు తెరిచియే ఉన్నది.

మూడవ దారి, ఇప్పుడు లేనిదానిని ఉన్నట్లు ఊహించుట: ‘ఇఫ్ ఐ హాడ్ ఎ సైకిల్, ఐ వుడ్ రైడ్ టు బల్లార్పూర్.’ హాడ్ అని ఉన్నను ఇది నిన్నటి మాట కాదు, నేటి మాటయే. ఇంగ్లీషువాడు తన ఊహను చూపుటకు క్రియను ఒక మెట్టు వెనుకకు నెట్టును. హావ్ కాస్త హాడ్ అగును, విల్ కాస్త వుడ్ అగును. ‘ఇఫ్ ఐ వర్ యు’ అనునది కూడ ఇట్టిదే. ఇక్కడ ‘వాజ్’ అని కొందరు పలికినను, వ్రాతలో ‘వర్’ అనుటయే మేలు.

నాలుగవ దారి, గడచిపోయినదానిని తలచుకొనుట: ‘ఇఫ్ వి హాడ్ స్టార్టెడ్ ఎర్లియర్ యెస్టర్డే, వి వుడ్ హావ్ కాట్ ది ట్రెయిన్.’ ఇక్కడ మరియొక మెట్టు వెనుకకు నెట్టిరి. హాడ్ పక్కన స్టార్టెడ్, వుడ్ పక్కన హావ్ కాట్. బండి వెళ్ళిపోయినది. ఇక చేయగలిగినది లేదు.

కాబట్టి పిల్లలు ఇఫ్ అని నోరు తెరువక ముందు మనస్సులో అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: తలుపు ఎట్లున్నది? ఎప్పుడును తెరిచియుండునదా, రేపు తెరుచుకొనవచ్చునదా, అసలు తలుపే లేక ఊహించుకొనుచున్నామా, నిన్ననే మూసుకొనిపోయినదా? ఈ ప్రశ్నకు జవాబు దొరికినచో క్రియ దానంతట అదే కుదురును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. మన తెలుగులో మూడవ దారికిని నాలుగవ దారికిని వెనుక సగము ఒక్కటే. ‘డబ్బులుంటే కొనేవాణ్ణి’ అని ఒకడు అన్నాడనుకొనండి. ఇప్పుడు కొట్టు ముందు నిలబడి అన్నాడా, పోయిన పండుగను తలచుకొని అన్నాడా? తెలుగులో వినువాడు సందర్భమును బట్టి గ్రహించును. ‘ఉండి ఉంటే’ అని విడదీసి చెప్పు వీలున్నది గాని మాటలలో అందరు అంత శ్రద్ధ తీసికొనరు. ఇంగ్లీషులో మాత్రము తప్పక విడదీయవలెను. ఇప్పటి మాటయైతే ‘ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బయ్ ఇట్.’ అప్పటి మాటయైతే ‘ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్ ఇట్.’ రెండు ‘హాడ్’లు ప్రక్క ప్రక్కన చూచి అచ్చు తప్పు అని కొట్టివేయకండి. మొదటిది సహాయక్రియ, రెండవది అసలు క్రియ.

ఇక మరాఠీ సంగతి. బడిలో మరాఠీ చదువు పిల్లలకు ఇందులో ఒక సాయమును ఒక అపాయమును ఉన్నవి.

అపాయము ఇది. మరాఠీలో రేపటి వానను గూర్చి ‘పాఊస్ ఆలా తర్ ఆమ్హీ ఘరీ రాహూ’ అందురు. ‘ఆలా’ అనునది భూతకాల రూపము. హిందీలోను ‘బారిష్ ఆయీ తో’ అని అట్లే అందురు. ఈ అలవాటుతో పిల్లవాడు ఇంగ్లీషులో ‘ఇఫ్ ది రెయిన్ కేమ్ టుమారో, వి విల్ స్టే’ అని వ్రాయును. మరాఠీలో ఆ భూతకాల రూపము తెరిచిన తలుపు. ఇంగ్లీషులో ఇఫ్ ప్రక్కన అదే భూతకాలము ఊహ. కాబట్టి రెండును కలియవు. మరియొక చిన్న అపాయము ‘జర్, తర్’ జంట. జర్ అంటే తర్ అనవలెనని అలవాటు గనుక, ఇఫ్ తరువాత ప్రతిసారి ‘దెన్’ అని పెట్టుదురు. దెన్ పెట్టుట తప్పు కాదు గాని ప్రతి వాక్యములోను పెట్టినచో వినుటకు మొరటుగా ఉండును. ఇంగ్లీషులో ఒక్క ఇఫ్ చాలును.

సాయము ఇది. జరగని వానను గూర్చి మరాఠీవారు ‘పాఊస్ ఆలా అస్తా తర్ ఆమ్హీ ఘరీ రాహిలో అస్తో’ అందురు. ముందు సగములో అస్తా, వెనుక సగములో అస్తో. చూచితిరా? ఇంగ్లీషువానివలె మరాఠీవాడు కూడ ఊహ బరువును రెండు ప్రక్కలను మోపుచున్నాడు. కాబట్టి నాలుగవ దారి తెలుగు ద్వారా పట్టుబడని పిల్లవానికి ఈ మరాఠీ వాక్యము చెప్పి చూడండి. అస్తా ఉన్న చోట హాడ్, అస్తో ఉన్న చోట వుడ్ హావ్. చంద్రపూరు జిల్లా పిల్లలకు ఆంధ్రలోని పిల్లలకు లేని మెట్టు ఒకటి ఇక్కడ ఉన్నది. దానిని వాడుకొనవలెను.

ఇట్టి చిక్కులు మన పిల్లలకే గాక ఇంగ్లీషు నేర్చుకొను పరజనులందరికిని ఉన్నవి. స్పానిష్ మాట్లాడువారి సంగతి తీసికొనండి. వారి భాషలో ‘సి’ అనగా ఇఫ్. రేపటి వానను గూర్చి చెప్పునప్పుడు వారును ఇంగ్లీషువానివలె ‘సి’ ప్రక్కన వర్తమానమే వాడుదురు గనుక రెండవ దారిలో వారికి కష్టము తక్కువ. ఊహకు మాత్రము వారి భాషలో ఇఫ్ ప్రక్కన ప్రత్యేకమైన క్రియారూపము ఒకటి కలదు. ఇంగ్లీషులో అట్టి రూపము కొరకు వెదకి, దొరకక, మామూలు భూతకాలమే అక్కడ కూర్చున్నదని చూచి వారు తికమకపడుదురు. మన తప్పు మన తల్లిభాష దారిన వచ్చును, వారి తప్పు వారి తల్లిభాష దారిన వచ్చును. కాబట్టి తప్పు వ్రాసిన బిడ్డను మొద్దు అనకండి. ఆ తప్పు ఏ భాష నుండి వచ్చినదో కనుగొని సరిదిద్దండి.

మన పిల్లల వ్రాతలో మేము తరచుగా చూచు తప్పులు ఇవి.

మొదటిది, ఇఫ్ ప్రక్కన విల్ పెట్టుట. ‘ఇఫ్ హి విల్ కమ్, ఐ విల్ గో’ అని వ్రాయుదురు. రేపటి మాట గదా, విల్ ఉండవద్దా అని అడుగుదురు. మన ‘వస్తే’లో రేపు అను సంగతి ఎక్కడ ఉన్నది? లేదు గదా. అట్లే ఇంగ్లీషు ఇఫ్ ప్రక్కన కూడ రేపు అక్కరలేదు. ‘ఇఫ్ హి కమ్స్, ఐ విల్ గో’ అనవలెను. ‘ఇఫ్ యు విల్ కైండ్లీ సైన్ హియర్’ అని మర్యాదగా అడుగునప్పుడు మాత్రము విల్ వచ్చును. అక్కడ విల్ అనగా రేపు కాదు, ‘దయచేసి ఒప్పుకొంటే’ అని.

రెండవది, రెండు ప్రక్కలను వుడ్ పెట్టుట. ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ మనీ, ఐ వుడ్ బయ్’ అనరాదు. వుడ్‌కు వెనుక సగములోనే చోటు.

మూడవది, ఇఫ్‌కును వెన్‌కును భేదము చూడకుండుట. ఇది తెలుగు నుండి వచ్చు తప్పు. ‘నాన్న వస్తే అన్నం తింటాము’ అని మనము అందుము. నాన్న రాడేమో అని మన భావము కాదు, వచ్చిన తరువాత అని. ఇంగ్లీషులో ‘ఇఫ్ ఫాదర్ కమ్స్’ అన్నచో వినువాడు, తండ్రి వచ్చుట అనుమానము కాబోలు అనుకొనును. తప్పక జరుగుదానికి ‘వెన్’ వాడవలెను. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘ఇఫ్ ఐ కంప్లీట్ మై కోర్స్’ అనుటకును ‘వెన్ ఐ కంప్లీట్ మై కోర్స్’ అనుటకును ఎంత దూరమో ఆలోచించండి. మొదటిది అన్నవాడు తన చదువు మీద తానే సందేహము చూపుచున్నాడు.

నాలుగవది, ‘అన్‌లెస్’. దీని కడుపులోనే ‘కాకపోతే’ ఉన్నది. ‘రాకపోతే’, మన వాడుకలో ‘రాకుంటే’, అనుదానికి ‘అన్‌లెస్ యు కమ్’ అన్న చాలును. ‘అన్‌లెస్ యు డు నాట్ కమ్’ అన్నచో అర్థము తలక్రిందులగును. ఈ మాటను మందుల కాగితము మీద జాగ్రత్తగా చదువవలెను. ‘డు నాట్ టేక్ దిస్ టాబ్లెట్ అన్‌లెస్ యు హావ్ ఫీవర్’ అని వ్రాసియున్నచో, జ్వరము లేకపోతే ఈ మాత్ర వేసికొనవద్దు అని అర్థము. అన్‌లెస్‌ను ఇఫ్ అనుకొని చదివినవాడు, జ్వరమున్నప్పుడు వేసికొనరాదని చెప్పి ముసలి తల్లిని మందు లేకుండ పడుకొనబెట్టును.

ఐదవది వినుటలోని తప్పు. మాటలాడునప్పుడు ఐ హాడ్, ఐ వుడ్ రెండును ‘ఐడ్’ అని చిన్నబోవును. ఎట్లు గుర్తించుట? దాని తరువాత గో వంటి మూలక్రియ వచ్చిన అది వుడ్. గాన్, టేకన్ వంటి మూడవ రూపము వచ్చిన అది హాడ్.

ఇప్పుడు ఉత్తరముల యొద్దకు తిరిగి వత్తము. ఇఫ్ ఉన్న వాక్యము కనబడినప్పుడు పిల్లలు ఇఫ్‌ను విడిచి ముందుగా రెండవ సగములోని క్రియను చూడవలెను. విల్ ఉన్నదా? తలుపు తెరిచియున్నది, గడువు తేదీ చూచుకొని పరుగెత్తండి. వట్టి వుడ్ ఉన్నదా? వారు ఊహ చెప్పుచున్నారు, మాట ఇచ్చుట లేదు, దానిని నమ్ముకొని అప్పు చేయకండి. వుడ్ హావ్ ఉన్నదా? సంగతి అయిపోయినది, ఇక మరియొక దారి వెదకండి. షల్, మస్ట్ ఉన్నవా? అది మనమో వారో తప్పక చేయవలసిన పని, ఎవరిదో చూచుకొనండి. ఈ గుర్తులు తెలిసిన పదవ తరగతి బిడ్డ ఇంటికి పెద్ద అండ.

ఇంట్లో సాధనకు ఆరు వాక్యములు ఇచ్చుచున్నాము. పిల్లలు ముందుగా తలుపు ఎట్లున్నదో చెప్పి, తరువాత ఇంగ్లీషు చెప్పవలెను.

1. రేపు సెలవు దొరికితే కాగజ్‌నగర్ వెళ్తాము.
2. మంచుగడ్డను ఎండలో పెడితే కరుగుతుంది.
3. నాకు మరాఠీ రాయడం వస్తే ఈ అర్జీ ఇప్పుడు నేనే రాసేదాన్ని.
4. నిన్న గొడుగు తీసుకెళ్తే తడిసేవాళ్ళము కాము.
5. పొద్దు గూకితే దీపము పెడతాము.
6. నువ్వు రాకుంటే మేము మొదలుపెట్టము.

జవాబులు ఇవి. 1. ఇఫ్ వి గెట్ లీవ్ టుమారో, వి విల్ గో టు కాగజ్‌నగర్. 2. ఇఫ్ యు కీప్ ఐస్ ఇన్ ది సన్, ఇట్ మెల్ట్స్. 3. ఇఫ్ ఐ న్యూ హౌ టు రైట్ మరాఠీ, ఐ వుడ్ రైట్ దిస్ అప్లికేషన్ మైసెల్ఫ్. 4. ఇఫ్ వి హాడ్ టేకన్ ఆన్ అంబ్రెల్లా యెస్టర్డే, వి వుడ్ నాట్ హావ్ గాట్ వెట్. 5. వెన్ ది సన్ సెట్స్, వి లైట్ ది ల్యాంప్. పొద్దు గూకుటలో అనుమానము లేదు గనుక వెన్. 6. అన్‌లెస్ యు కమ్, వి విల్ నాట్ స్టార్ట్.

తల్లిదండ్రులకు ఒక మాట. మాకు ఇంగ్లీషు రాదు, బిడ్డకు ఏమి నేర్పగలము అని వెనుకకు తగ్గకండి. ‘కొంటాను’ అనుటకును ‘కొనేవాణ్ణి’ అనుటకును భేదము మీకు బాగుగా తెలియును. ఇంగ్లీషులో బిడ్డ తడబడునది సరిగా ఆ భేదము దగ్గరనే. రాత్రి భోజనములైన తరువాత మీరు తెలుగులో ఒక ‘తే’ వాక్యము చెప్పండి, బిడ్డ దానిని మరాఠీలోను ఇంగ్లీషులోను చెప్పవలెను. రోజుకు ఒక్క వాక్యము చాలును. ఇంగ్లీషు రావలెనని ఇంట్లో తెలుగు మాన్పించు తల్లిదండ్రులు కొందరు ఉన్నారు. వారు మెట్టెక్కుటకు వేసిన నిచ్చెననే తీసివేయుచున్నారు. ఇంట్లో తెలుగు నిండుగా మాట్లాడండి. ఆ తెలుగు మీద నిలబడి మీ బిడ్డ తక్కిన భాషలను అందుకొనును.